రాక్ క్రాలర్ సస్పెన్షన్ బిగుసుకుపోతే: విప్పి, వెతికి, సరిచేసే పూర్తి పద్ధతి

హన్మకొండ, కాజీపేట, మడికొండ చుట్టుపక్కల బండలు రాక్ క్రాలర్‌కు, అంటే రాళ్ల మీద నెమ్మదిగా ఎక్కించే రిమోట్ కంట్రోల్ బండికి, ఎంత బాగా కుదురుతాయో నడిపినవాళ్లకు తెలుసు. గరుకు గ్రానైట్, గుండ్రంగా అరిగిన అంచులు, టైరుకు కావలసినంత పట్టు. ఇలాంటి రాయి మీద బండి జారడం తక్కువ, పల్టీ కొట్టడమే ఎక్కువ. ఆ పల్టీలకు చాలాసార్లు కారణం సస్పెన్షన్ బిగుసుకుపోవడమే. ముందు ఎడమ చక్రం రాయెక్కగానే ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం రెండూ గాల్లోకి లేస్తాయి. మిగిలిన రెండు చక్రాల మీద బండి చెక్కలా ఊగుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ ఇస్తే చాలు, వెల్లకిలా పడుతుంది.

ఇలా అయితే "మెత్తటి స్ప్రింగులు కొనెయ్" అన్నదే అందరూ ఇచ్చే సలహా. నా అభిప్రాయంలో అది చిట్టచివర చేయాల్సిన పని. లెక్క చూడండి. 1/10 సైజు (అసలు బండిలో పదో వంతు) క్రాలర్ బ్యాటరీతో కలిపి సుమారు 2.8 కిలోలు ఉందనుకుందాం. ఒక్కో చక్రం మీద పడే బరువు దాదాపు 700 గ్రాములు. ఇంత తక్కువ బరువుతో నడిచే సస్పెన్షన్‌లో ఎక్కడో ఒక కీలు 150 గ్రాముల బలంతో పట్టేసినా, ఆ మూలకున్న బలంలో ఐదో వంతు అక్కడే పోతుంది. పెద్ద కారులో ఇంత చిన్న రాపిడి ఎవరికీ తెలియదు. మన బండిలో అదే ఆట మొత్తాన్ని చెడగొడుతుంది. రాపిడిని అలాగే వదిలేసి స్ప్రింగు మెత్తబరిస్తే బండి ఇంకా అధ్వాన్నమవుతుంది. ఒకసారి కిందికి దిగిన మూలను తిరిగి పైకి లేపే శక్తి ఆ స్ప్రింగుకు ఉండదు.

అందుకే ముందు కొలవాలి. తర్వాత ఒక్కో భాగాన్నీ వేరుచేస్తూ వెతకాలి. స్ప్రింగుల సంగతి ఆఖరున.

ముందుగా: ఏ రకం బిగుతో తేల్చుకోండి

బ్యాటరీ పెట్టి, బాడీ తొడిగి, బండిని సమతలంగా ఉన్న నేల మీద నిలబెట్టండి. నాపరాయి గచ్చు అయితే మరీ మంచిది. ఛాసిస్ (బండి చట్రం) మధ్యలో అరచేయి పెట్టి చివరిదాకా నొక్కి, నెమ్మదిగా వదలండి. చేత్తో పైకి లాగకూడదు, దానంతట అదే ఎంత లేస్తే అంత. ఇప్పుడు నేల నుంచి ఛాసిస్ అడుగు దాకా ఎత్తును స్కేలుతో కొలిచి రాసుకోండి. తర్వాత బండిని చక్రాలు నేలను వీడేంత పైకెత్తి, నెమ్మదిగా కిందికి దించి వదిలేయండి. మళ్లీ కొలవండి. ముందొకసారి, వెనకొకసారి కొలవాలి.

ఈ రెండు కొలతల మధ్య తేడాయే మీ బండిలోని రాపిడి. స్ప్రింగు మాత్రమే పనిచేస్తుంటే, ఎటు నుంచి వచ్చినా బండి ఒకే ఎత్తులో ఆగాలి. 1/10 బండికి 2-3 మిల్లీమీటర్ల తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. 5 దాటిందంటే ఎక్కడో పట్టేస్తోంది. ఎన్ని స్ప్రింగులు మార్చినా ఆ పట్టు వదలదు.

తేడా తక్కువే ఉండి, నొక్కడానికి మాత్రం చాలా బలం కావాల్సివస్తే అది స్ప్రింగు సమస్య, లేదా ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచడం) ఎక్కువైంది. ఎత్తు సరిగ్గానే వస్తోంది గానీ అక్కడికి చేరడానికి చాలా ఆలస్యమవుతోందంటే షాకులో (స్ప్రింగు ఊపును అణిచే ఆయిల్ గొట్టంలో) ఆయిల్ చిక్కగా ఉంది, లేదంటే ఆ ఆయిల్‌లో కదిలే పిస్టన్ రంధ్రాలు మూసుకున్నాయి. కొంతదూరం మెత్తగా వెళ్లి ఒక్కసారిగా గోడకు తగిలినట్టు ఆగితే, లోపల ఏదో దేనికో తగులుతోంది: డ్రైవ్ షాఫ్టు (మోటారు బలాన్ని చక్రాల ఇరుసుకు చేర్చే కడ్డీ), లింకు (ఇరుసును ఛాసిస్‌కు కలిపే కడ్డీ), లేక ఆయిల్ ఎక్కువైన షాకు. ఈ నాలుగింటిలో మీది ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కింది భాగాల్లో ఏది ముందు చదవాలో కూడా దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇంకో కొలత కూడా తీసిపెట్టుకోండి. మీటరు పొడవున్న చెక్కపలక ఒక చివరను 34 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే దాదాపు 20 డిగ్రీల వాలు వస్తుంది. ఒక ముందు చక్రాన్ని మాత్రమే దాని మీద ఎక్కిస్తూ పోండి. మిగిలిన మూడింటిలో ఏదైనా నేలను వదిలిన క్షణాన ఆపండి. వాలు మీద చక్రం ఎంత దూరం వెళ్లిందో కొలిచి, వీల్‌బేస్‌తో (ముందు, వెనక చక్రాల మధ్య దూరంతో) భాగించి, 1000తో హెచ్చించండి. పెద్ద ఆఫ్‌రోడ్ జీపులకు వాడే లెక్క ఇదే. యాక్సియల్ కంపెనీ ఎస్‌సీఎక్స్10 తరహా బండ్లకు వీల్‌బేస్ 313 మిల్లీమీటర్లు. చక్రం 250 మిల్లీమీటర్లు ఎక్కిందనుకుంటే సుమారు 800 వస్తుంది. ఈ అంకెను వేరేవాళ్ల బండితో పోల్చుకోకండి. రిపేరు అయ్యాక మీ బండి పాత అంకెతోనే పోల్చుకోండి.

విప్పే ముందు

సామాను పెద్దగా అక్కర్లేదు. 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల అలెన్ కీలు, 5.5, 7 మిల్లీమీటర్ల నట్ డ్రైవర్లు, నోస్ ప్లయర్, పాత టూత్‌బ్రష్, స్టీలు పళ్లెం ఒకటి, నూలు గుడ్డ. అలెన్ కీలు మాత్రం మంచివే కొనండి. చవక కీలతో స్క్రూ తల అరిగిపోతే పది నిమిషాల పని కాస్తా లేత్ షాపు దాకా వెళ్తుంది. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీయండి. ఏ పొడవు స్క్రూ ఎక్కడిదో ఆ ఫోటోలే గుర్తుచేస్తాయి. ఈ జాగ్రత్త ఎందుకో లింకుల దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

షాకులు విప్పి యాక్సిల్‌ను చేత్తో ఆడించడం

ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. బ్యాటరీ తీసేసి, నాలుగు షాకుల కింది స్క్రూలు విప్పండి, పై చివరలు అలాగే ఉండనివ్వండి. బండిని స్టాండు మీద గానీ, పొట్టి డబ్బా మీద గానీ పెట్టి చక్రాలు వేలాడేలా చేయండి. ఇప్పుడు యాక్సిల్‌ను (రెండు చక్రాలను కలిపే ఇరుసును) పైకెత్తి వదిలితే దాని బరువుతో అదే దబ్బున కిందికి పడాలి. ఒక వైపు పైకి, ఇంకోవైపు కిందికి తిప్పినప్పుడు కూడా ఎక్కడా గట్టిగా తగలకూడదు.

పడితే షాకుల దగ్గరికి వెళ్లిపోవచ్చు. మధ్యలో ఆగిపోయినా, చేత్తో నెడితే గానీ కదలకపోయినా తప్పు షాకుది కాదు. ఆ విషయం తెలియకే చాలామంది కొత్త షాకుల మీద వేలకు వేలు పోసి, వాటిని బిగించాక కూడా అదే బిగుతు చూసి నిరాశపడతారు.

మొదట అనుమానించాల్సింది డ్రైవ్ షాఫ్టును. ఎందుకంటే దాన్ని పరీక్షించడం అన్నిటికంటే తేలిక. ట్రాన్స్‌మిషన్ (గేరు పెట్టె) వైపున్న చిన్న స్క్రూ ఒకటి విప్పి డ్రైవ్ షాఫ్టు పక్కకు తీసేయండి. యాక్సిల్ ఇప్పుడు స్వేచ్ఛగా పడుతోందా? అయితే దొంగ దొరికాడు. డ్రైవ్ షాఫ్టు రెండు ముక్కలుగా ఉండి ఒకదానిలో ఒకటి జారుతుంది. సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు అది పొట్టిగా అవ్వాలి. లోపల ముక్క చివరికంటా వెళ్లి తగిలితే ఇక యాక్సిల్ పైకి రాలేదు. లింకులు మార్చి వీల్‌బేస్ తగ్గించినప్పుడు, వేరే కంపెనీ ఇనుప డ్రైవ్ షాఫ్టు వేసినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. యాక్సిల్‌ను పూర్తిగా పైకి నొక్కి చూడండి. అప్పటికీ జారే భాగంలో 2-3 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. లేకపోతే లోపలి ముక్కను అంతమేర కోసి, అంచు నునుపు చేయాలి. అలాగే యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు రెండు ముక్కలు విడిపోకుండా చూసుకోవాలి. పొడవు సరిగ్గానే ఉన్నా జారకపోతే లోపల మొరం దుమ్ము గడ్డకట్టి ఉంటుంది. నల్లరేగడి చేను పక్కన వానాకాలంలో నడిపిన బండి అయితే దాదాపు ఖాయం. ఆ మట్టి ఆరాక సిమెంటులా పట్టేస్తుంది. విప్పి, నీళ్లు, బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి పొడిగానే బిగించండి.

తర్వాత లింకులు. ఒక్కో లింకుకు యాక్సిల్ వైపు స్క్రూ మాత్రమే విప్పి, మళ్లీ యాక్సిల్ కదిపి చూడండి. ఏ లింకు విప్పగానే కదలిక తేలికైందో దాన్నే పట్టుకోవాలి. ఇక్కడ నాలుగు కారణాలు ఉంటాయి.

ఒకటి, రాడ్ ఎండ్లు (లింకు చివరి బాల్ కీళ్లు) ఒకదానికొకటి మెలిపడి ఉండటం. లింకు రెండు చివర్లలో ఉన్న ప్లాస్టిక్ రాడ్ ఎండ్లు మరలతో ఎక్కించినవి. ఒకటి నిటారుగా, ఇంకోటి పక్కకు తిరిగి ఉంటే లోపలి బాల్ తిరగాల్సినంత తిరగకముందే అంచుకు తగిలి ఆగుతుంది. బండి మామూలు ఎత్తులో ఉన్నప్పుడు ప్రతి రాడ్ ఎండ్ దాని స్క్రూకు అడ్డంగా, మధ్యస్థంగా ఉండాలి. ప్లయర్‌తో పట్టి మెల్లగా తిప్పితే సరిపోతుంది. పైసా ఖర్చు లేని ఈ పనితోనే ఎన్నో బండ్లు బాగుపడతాయి.

రెండోది స్క్రూ మరీ బిగించడం. బాల్ మధ్యలోంచి వెళ్లే స్క్రూ బాల్‌ను మాత్రమే బిగించాలి, రాడ్ ఎండ్ ప్లాస్టిక్‌ను నొక్కకూడదు. బాల్ అరిగి సన్నబడినా, వాషర్ పెద్దదైనా ప్లాస్టిక్ నలిగి పట్టేస్తుంది. పావు చుట్టు వదులు చేసి చూడండి. వదులుగా ఉంచాల్సిన చోట నైలాన్ ఉన్న లాక్ నట్టు వాడండి. థ్రెడ్ లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) అయితే లోహం లోహాన్ని పట్టే చోటే వేయాలి. కొన్ని ప్లాస్టిక్కులు దానివల్ల పగులుతాయి. పొడవైన స్క్రూను పొరపాటున పొట్టి స్క్రూ చోట బిగిస్తే దాని కొస అవతలికి పొడుచుకొచ్చి లింకునో, గేరు పెట్టెనో తాకుతుంది. ఫోటోలు తీయమన్నది ఇందుకే.

మూడోది కొత్త రాడ్ ఎండ్లలో బాల్ మరీ టైట్‌గా ఉండటం. బాల్ లోపలే ఉండగా రాడ్ ఎండ్ గుండ్రటి భాగాన్ని ప్లయర్‌తో మృదువుగా, అన్ని వైపుల నుంచీ కొద్దికొద్దిగా నొక్కుతూ తిప్పండి. ప్లాస్టిక్ కాస్త సర్దుకుంటుంది. గ్రీజు జోలికి వెళ్లకండి. మన దగ్గరి ఎర్రమట్టి దుమ్ము, క్వారీల దగ్గరి రాతి పొడి గ్రీజుకు అంటుకుంటే రాపిడి పేస్టు తయారవుతుంది, బాల్ నెలల్లోనే అరిగిపోతుంది. కావాలంటే ఆరిపోయే రకం సిలికాన్ గానీ, టెఫ్లాన్ స్ప్రే గానీ కొద్దిగా వాడొచ్చు.

నాలుగోది ముందు యాక్సిల్‌కే సంబంధించింది, పాన్‌హార్డ్ బార్. సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) ఛాసిస్ మీద ఉన్న బండ్లలో ముందు యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టి ఉంచేది ఇదే. యాక్సిల్ పైకి, కిందికి పోతున్నప్పుడు ఇది ఒక వంపులో కదులుతుంది. స్టీరింగ్ లింకు కూడా అదే పొడవులో, దానికి సమాంతరంగా ఉంటే రెండూ కలిసి కదులుతాయి. పొడవులు తేడా పడితే సస్పెన్షన్ నొక్కినప్పుడల్లా స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది, సర్వో ఎదురు పట్టడం వల్ల యాక్సిల్ కూడా బిగుస్తుంది. స్టీరింగ్ లింకు విప్పి చూస్తే వెంటనే తెలుస్తుంది.

సర్వో యాక్సిల్ మీద ఉండే బండ్లలో వైరును ట్యాగ్‌తో పొట్టిగా కట్టేస్తుంటారు. పైకి ఏమీ అనిపించదు గానీ యాక్సిల్ కిందికి దిగినప్పుడు ఆ వైరే తాడులా లాగి పట్టుకుంటుంది. రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునే పెట్టె) పిన్ ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది. టైరు బాడీ లోపలి అంచుకు తగులుతుందేమో కూడా చూడండి. డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) లాక్ అయి ఉండటం వల్ల సస్పెన్షన్ బిగుసుకుంటుందని కొందరు అంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు.

షాకులు

యాక్సిల్ స్వేచ్ఛగా పడుతోంది, అయినా బండి బిగుతుగానే ఉందంటే ఇప్పుడు షాకుల వంతు. పై స్క్రూ విప్పేముందు ఒక్క విషయం చూడండి. కింద విప్పి ఉన్న షాకును వేలితో తోస్తే గడియారం లోలకంలా ఇటూ అటూ ఊగాలి. ఊగకపోతే పై స్క్రూ ఎక్కువ బిగించారు. షాకును నిటారుగా పట్టుకోవాల్సిన చోట వాషర్ లేకపోవడంతో పక్కకు వాలినా, షాఫ్టు (షాకులోకి జారే కడ్డీ) ఒక వైపు ఒరిగి రాపిడి పెరుగుతుంది. షాకు పై చివర, కింది చివర ఒకే తలంలో ఉన్నాయా అని బండి వెనక నుంచి, పక్క నుంచి రెండు విధాలా చూడండి.

స్ప్రింగు తీసేసి షాఫ్టును వేళ్లతో లోపలికి, బయటికి కదపండి. ఒకే తీరుగా, గుర్రుమనే స్పర్శ లేకుండా కదలాలి. నాలుగూ పక్కపక్కన పెట్టి కదిపితే ఏది తేడాగా ఉందో వేళ్లకే తెలుస్తుంది.

పూర్తిగా లోపలికి నెట్టినప్పుడు చివరి కొన్ని మిల్లీమీటర్లు వెళ్లకుండా ఆగినా, వదలగానే బయటికి తన్నుకొచ్చినా ఆయిల్ ఎక్కువైంది. షాఫ్టు లోపలికి వెళ్లినప్పుడు దాని ఘనపరిమాణం మేరకు ఆయిల్‌కు చోటు కావాలి. ఆయిల్ నొక్కితే నొక్కుకోదు. ఆ చోటు గాలి రూపంలో మిగల్చకపోతే షాకు పిస్టన్ కాదు, రాయి అవుతుంది. కొత్తగా ఆయిల్ పోసుకున్న తర్వాతే బండి బిగుసుకుంటే ముందు ఇదే చూడండి.

దారి పొడవునా ఒకే తీరుగా టైట్‌గా ఉంటే ఓ-రింగుల (షాఫ్టు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగుల) పని. కింది మూత ఎక్కువ తిప్పి బిగిస్తే అవి నలిగి షాఫ్టును గట్టిగా పట్టుకుంటాయి. పావు చుట్టు వదిలితే తేడా కనిపిస్తుంది. అప్పటికీ మారకపోతే రింగులు ఉబ్బి ఉంటాయి. సిలికాన్ షాక్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిలో, బైకు ఫోర్క్ ఆయిలో పోస్తే సిలికాన్ రబ్బరు రింగులు ఉబ్బుతాయి. కొబ్బరినూనె ఆలోచన కూడా వద్దు. 24 డిగ్రీల దగ్గరే అది గడ్డకడుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలం పొద్దున్నే బండి తీస్తే షాకు కదలనే కదలదు.

ఏదో ఒక్క చోట మాత్రమే పట్టేస్తే షాఫ్టు వంగింది. షాఫ్టును బయటికి తీసి అద్దం ముక్క మీద దొర్లించండి. అడుగున వెలుతురు సందు పెరుగుతూ తగ్గుతూ కనబడితే వంగినట్టే. దాన్ని సరిచేయాలని చూడకండి, మార్చేయండి. గీతలు పడిన షాఫ్టును కూడా మార్చాల్సిందే. ఎన్ని కొత్త ఓ-రింగులు వేసినా ఆ గీతలు కోసేస్తాయి.

షాకు విప్పి మళ్లీ ఆయిల్ పోసే పద్ధతి ఇది. పై మూత తీసి పాత ఆయిల్ ఒంపేయండి. కింద రాడ్ ఎండ్ విప్పేటప్పుడు షాఫ్టును ప్లయర్‌తో నేరుగా పట్టకండి, మధ్యలో తోలు ముక్కో, మందపాటి గుడ్డో పెట్టండి. షాఫ్టు బయటికి లాగాక అన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మొబైల్ రిపేరు చేసే వాళ్ల దగ్గర ఇది దొరుకుతుంది. పిస్టన్ రంధ్రాల్లో అచ్చు పోసినప్పుడు మిగిలిన సన్నటి ప్లాస్టిక్ పొర ఉందేమో వెలుతురుకు పెట్టి చూడండి. ఉంటే పదునైన బ్లేడు కొసతో తీసేయండి. చవక అల్యూమినియం షాకుల్లో కోత పొడి కూడా దొరుకుతుంది. పిస్టన్ బాగా శుభ్రమయ్యాక ఆయిల్ లేకుండానే లోపల పెట్టి కదపండి. షాకును నిలబెడితే షాఫ్టు దాదాపు దాని బరువుకే జారాలి. ఈ పొడి పరీక్షలో నెగ్గని షాకుకు ఏ ఆయిల్ పోసినా లాభం లేదు.

మళ్లీ బిగించేటప్పుడు ఓ-రింగులకు, షాఫ్టు మరల మీద షాక్ ఆయిల్ పూయండి. పొడి మరలు రింగు గుండా దూరితే దాన్ని కోస్తాయి. షాఫ్టును పూర్తిగా బయటికి లాగి, షాకును నిలబెట్టి, అంచు దాకా ఆయిల్ పోయండి. పిస్టన్‌ను మెల్లగా పైకి కిందికి కదిపితే బుడగలు వస్తాయి. పది నిమిషాలు అలా వదిలేయండి. ఆ తర్వాత షాఫ్టును సగం కంటే కాస్త ఎక్కువ లోపలికి నెట్టి, పొంగిన ఆయిల్ తుడిచి, పై మూత బిగించండి. షాఫ్టు చివరిదాకా వెళ్తోందా, వెళ్లి తన్నుకురాకుండా అక్కడే ఉంటోందా అని చూడండి. తన్నుకొస్తే మూత వదులు చేసి రెండు చుక్కలు వదలండి. లోపల రబ్బరు సంచి ఉన్న రకమైతే ఆ సంచిని సరిగ్గా కూర్చోబెట్టి కంపెనీ కాగితంలో చెప్పినట్టే చేయండి.

ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలి? చిక్కదనాన్ని చెప్పడానికి సీసా మీద ఉండే వెయిట్ అంకె కంటే సెంటీస్టోక్స్ అంకె నమ్మదగింది, ఎందుకంటే ఒక కంపెనీ 30 వెయిట్ ఇంకో కంపెనీ 30తో సమానం కాకపోవచ్చు. టీమ్ అసోసియేటెడ్ కంపెనీ లెక్కలో 30 వెయిట్ అంటే 350 సెంటీస్టోక్స్, 40 అంటే 500. గుట్టల మీద నెమ్మదిగా నడిపే 1/10 బండికి 350 నుంచి మొదలుపెట్టమంటాను. రామగుండం, మంచిర్యాల వైపు ఎండాకాలంలో 45 డిగ్రీల వేడిలో ఆయిల్ పలచబడి బండి ఎగిరెగిరి పడుతోందనిపిస్తే 400-450కి పెంచుకోవచ్చు. ఆయిల్ వేగాన్నే అడ్డుకుంటుంది, నిలిచి ఉన్న బండి ఎత్తును మార్చదు. ఎత్తు కోసం ఆయిల్ మార్చేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు స్ప్రింగులు

రాపిడి పోయింది, షాకులు మెత్తగా కదులుతున్నాయి. ఇప్పుడు మళ్లీ బండిని నిలబెట్టి, దాని బరువుకే సస్పెన్షన్ ఎంత దిగిందో చూడండి. మొత్తం ప్రయాణంలో మూడో వంతు నుంచి సగం దాకా దిగి ఉండాలి. అసలు దిగకుండా నిక్కబొడుచుకుని ఉంటే, రాయి అవతల పల్లంలోకి చక్రం దిగడానికి ప్రయాణం మిగలలేదన్నమాట. క్రాలర్‌కు పైకి నొక్కుకోవడం ఎంత ముఖ్యమో, కిందికి వేలాడి నేలను వెతుక్కోవడం అంతకంటే ముఖ్యం.

మొదట ప్రీలోడ్ తగ్గించండి. షాకు మీది కాలర్ పూర్తిగా పైకి తిప్పండి, లేదా ప్లాస్టిక్ క్లిప్పులు తీసేయండి. దీంతో స్ప్రింగు గట్టిదనం మారదు, బండి ఎత్తు మాత్రమే దిగుతుంది. చాలాసార్లు అదే సరిపోతుంది.

తర్వాత షాకు వాలు. షాకును ఎంత పక్కకు వాల్చితే చక్రం దగ్గర స్ప్రింగు అంత మెత్తగా అనిపిస్తుంది. నిటారు నుంచి 30 డిగ్రీలు వాలిస్తే బలం ముప్పావు వంతుకు, 45 డిగ్రీలకు సగానికి తగ్గుతుంది. షాక్ టవర్ (షాకు పై చివర బిగించే స్తంభం) మీద రెండు మూడు రంధ్రాలు ఉన్నవాళ్లు కొత్త స్ప్రింగు కొనేముందు ఈ దారి చూడాలి. అయితే వాల్చాక షాకు లింకుకు గానీ ఛాసిస్‌కు గానీ తగలకుండా చూసుకోండి, లేకపోతే మళ్లీ మొదటికి వస్తాం.

ఇవన్నీ అయ్యాక కూడా బిగుతుంటే స్ప్రింగు మార్చండి. స్ప్రింగు తీగ మందం చాలా కీలకం. గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. చుట్లు, వెడల్పు ఒకటే అయినా 1.0 మిల్లీమీటరు తీగ బదులు 1.2 వాడితే గట్టిదనం రెట్టింపు దాటుతుంది. చవక అల్యూమినియం షాకులతో వచ్చే స్ప్రింగులు అందుకే రాయిలా ఉంటాయి. పాత స్ప్రింగుకు రెండు చుట్లు కత్తిరిస్తే మెత్తబడుతుందని అనుకోకండి. చుట్లు తగ్గితే గట్టిదనం పెరుగుతుంది. ఎత్తు తగ్గడంతో మెత్తబడినట్టు అనిపిస్తుంది, అంతే.

బరువు విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. చక్రాల్లో, నకిల్స్ (ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లు) మీద ఇత్తడి బరువులు వేస్తే సస్పెన్షన్ మెత్తబడుతుందనుకుంటారు. ఆ బరువు స్ప్రింగు కింద ఉంటుంది, కాబట్టి నేల మీద నిలబడ్డ బండిలో స్ప్రింగును నొక్కదు. అది బండిని కిందికి పట్టి ఉంచడానికి, గాల్లోకి లేచే చక్రాన్ని కిందికి లాగడానికి పనికొస్తుంది, దానికదే మంచిది. కానీ స్ప్రింగు నొక్కుకోవాలంటే బరువు ఛాసిస్ మీద ఉండాలి. బ్యాటరీని ముందుకు, వీలైనంత కిందికి జరపడం నాకు నచ్చే మార్పు. ఇంటి పైకప్పులా రూఫ్ ర్యాక్ నింపి బరువు పెంచడం అన్నిటికంటే చెడ్డది.

చిన్న బండ్లకు

1/24 ఎస్‌సీఎక్స్24లో ఫ్యాక్టరీ షాకుల్లో ఆయిల్ ఉండదు, ప్లాస్టిక్ రాపిడి మీదే నడుస్తాయి. బండి మరీ తేలిక కాబట్టి ప్రతి చిన్న పట్టూ కనబడుతుంది. లింకుల్ని బాగా సర్దాక కూడా తృప్తి లేకపోతే ఆయిల్ షాకులు వేయడం సబబే. ట్రాక్సస్ కంపెనీ చిన్న బండి టీఆర్‌ఎక్స్-4ఎంలో మొదటి నుంచే ఆయిల్ షాకులు ఉంటాయి, కాబట్టి ముందు పైన చెప్పినట్టు వాటిని శుభ్రం చేసి చూడండి. డబ్ల్యూపీఎల్ కంపెనీ మిలిటరీ ట్రక్కుల లాంటి వాటిలో స్ప్రింగుల బదులు ఆకు పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఉంటాయి. పట్టీల కట్టలో పొడవైన ప్రధాన పట్టీని ఉంచి, కింది చిన్న పట్టీల్లో ఒకటి తీసేసి చూడండి. పట్టీ చివర్ల స్క్రూలు కాస్త వదులుగా ఉండాలి. అవి బిగిస్తే పట్టీ సాగలేక, ఏ చిన్న బండైనా బల్లలా తయారవుతుంది.

తిరిగి బిగించి, గుట్ట మీదకు

షాకుల్ని ఒక్కో మూలగా బిగిస్తూ, ప్రతి మూల తర్వాత చేత్తో ఆడించండి. నాలుగూ బిగించాక చివరలో తప్పు తెలిస్తే ఏ మూలదో వెతకడం కష్టం. తర్వాత మొదటి రోజు కొలతలే మళ్లీ తీయండి, నొక్కి వదిలిన ఎత్తు, ఎత్తి వదిలిన ఎత్తు, పలక మీద దూరం. రెండు ఎత్తుల తేడా 2-3 మిల్లీమీటర్లకు దిగాలి.

గుట్ట మీద ఒకే వైపు ఎప్పుడూ ముందు చక్రం తేలుతుంటే, అది సస్పెన్షన్ బిగుతు కాకపోవచ్చు. మోటారు బలంగా లాగినప్పుడు డ్రైవ్ షాఫ్టు తిరిగే దిశకు ఎదురుగా ఛాసిస్ మెలి తిరుగుతుంది. మెత్తటి స్ప్రింగులు వేశాక ఇది మరింత కనబడుతుంది. ఆ మూలకు మాత్రం కొద్దిగా ప్రీలోడ్ ఇస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది.

ఎక్కడ పరీక్షించాలన్నది కూడా ఆలోచించండి. వరంగల్ కోటలో పడి ఉన్న శిల్పపు రాళ్లు, పద్మాక్షి గుట్ట మీద జైన విగ్రహాలున్న బండలు, రేగొండ దగ్గర పాండవుల గుట్టలో పాత చిత్రాలున్న రాళ్లు క్రాలర్ కోసం కాదు. టైరు గీతలు మనకు చిన్నవే, ఆ రాళ్లకు కావు. పనిచేస్తున్న క్వారీల్లోకి కూడా వెళ్లొద్దు. ఊరి బయట చెక్కడాలు లేని మామూలు బండలు మన దగ్గర కొదవలేదు.

తిరిగి వచ్చాక బ్యాటరీ తీసి, బ్రష్‌తో దుమ్ము దులిపి, తడిగుడ్డతో షాఫ్టులు తుడవండి. కార్ల వాషింగ్ సెంటరు ప్రెషర్ గన్‌తో కొట్టించకండి. నీళ్లు మట్టిని బేరింగుల్లోకి, ఓ-రింగుల్లోకి ఇంకా లోతుగా తోస్తాయి. నెలకోసారి నొక్కి-ఎత్తి చూసే కొలత తీసి అదే కాగితం మీద రాస్తూ పోండి. ఎత్తుల తేడా 4 మిల్లీమీటర్లు దాటిన రోజు, 5 దాకా ఆగకుండా, స్ప్రింగుల జోలికి పోకుండా ముందు కింది లింకుల రాడ్ ఎండ్లు, డ్రైవ్ షాఫ్టు విప్పి కడగండి.